కాకి వాలింది, తాటిపండు రాలింది: బ్రుమాడిన్యో బురద కట్ట ఎందుకు తెగింది?

2019 జనవరి 25, శుక్రవారం. బ్రెజిల్ దేశం, మినాస్ జెరాయిస్ రాష్ట్రం, బ్రుమాడిన్యో పట్టణం దగ్గర వాలే కంపెనీ ఇనుప ఖనిజం గని. మధ్యాహ్నం 12 గంటల 28 నిమిషాలు. కార్మికులు క్యాంటీనులో అన్నం తినే వేళ. గని బురదను నిలవ చేసిన 86 మీటర్ల ఎత్తు కట్ట కూలింది. కట్ట జారిపోవడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. అయిదు నిమిషాల లోపల 97 లక్షల ఘనపు మీటర్ల బురద, అంటే నిలవ ఉన్నదాంట్లో ముప్పాతిక వంతు, కిందికి దూకింది. క్యాంటీను, ఆఫీసు, రైలు వంతెన, ఇళ్లు, తోటలు ఏవీ మిగలలేదు. 270 మంది చనిపోయారు. చనిపోయిన ఇద్దరు గర్భిణుల కడుపులోని బిడ్డలను కలుపుకుని ఆ కుటుంబాలవారు 272 అని లెక్క చెబుతారు. వారి లెక్కే మాకూ సరైనదిగా తోస్తుంది.

సముద్రాల ఆవల జరిగిన సంగతి మన వ్యవసాయ కూలీల శీర్షికలో ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. చనిపోయినవారిలో అత్యధికులు గని కార్మికులు, కాంట్రాక్టు కూలీలు. బురద పోయి కలిసింది పరౌపెబా నదిలో. ఆ నీళ్లతో కూరగాయలు పండించుకునే చిన్న రైతులు, చేపలు పట్టుకుని బతికేవాళ్లు, ఏటి ఒడ్డున ఊరు కట్టుకున్న పటషో ఆదివాసులు ఒక్క పూటలో నీళ్లు లేనివాళ్లయ్యారు. నది నీటిని నేరుగా వాడవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఇంకొక కారణం, అట్లాంటి చెరువులు మన దగ్గరా ఉన్నాయి. వాటి దగ్గరికి చివర్లో వద్దాం.

ఆ కట్ట ఎందుకు తెగిందన్న దాని మీద పెద్ద పెద్ద నిపుణులు నివేదికలు రాశారు. వాళ్లలో వాళ్లకు తగాదా కూడా ఉంది. మేము ఇంజనీర్లం కాము. కాని చెరువు కట్టలకు మట్టి మోసినవాళ్లం, అర్ధరాత్రి వానలో గండ్లు పూడ్చినవాళ్లం. ఆ అనుభవంతో చదివితే ఆ నివేదికల్లో మనకు అర్థం కాని విషయం చాలా తక్కువ.

పూడిక మీద కట్ట

తవ్విన రాయిని పొడి చేసి, నీళ్లతో కడిగి, పనికొచ్చే ఖనిజాన్ని తీసుకుంటారు. మిగిలేది నీళ్లూ రాతిపొడీ కలిసిన బురద. దీన్నే టైలింగ్స్ అంటారు. కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులకు ఈ మాట కొత్త కాదు. లోయకు అడ్డంగా కట్ట పోసి, ఆ బురదను గొట్టాలతో దాని వెనక్కి వదులుతారు. ఇంతవరకు మన చెరువులాగే ఉంది కదా?

తేడా ఆ తర్వాత మొదలవుతుంది. చెరువు కట్టను గట్టి నేల మీద, మంచి మట్టి ఏరి, పొర పొరకూ తడిపి దిమ్మిస కొట్టి పోస్తారు. నీరు ఎక్కువైతే పోవడానికి అలుగు ఉంటుంది, వదలడానికి తూము ఉంటుంది. గని బురద కట్ట అట్లా కాదు, గని నడిచినన్నాళ్లూ పెరుగుతూ పోతుంది. పెంచే తీరులోనే ఉంది కిటుకంతా. వెలుపలి వైపు గట్టి నేల మీద మట్టి పోస్తూ, కట్టను అడుగున లావు చేస్తూ ఎత్తు పెంచడం ఒక పద్ధతి. దీనికి బోలెడు మట్టి, స్థలం, డబ్బు కావాలి. లోపల పేరుకున్న పూడిక మీదనే ఇంకో చిన్న కట్ట పోసి, అది నిండితే దాని వెనక పూడిక మీద మరోటి పోసి, మెట్లు మెట్లుగా లోపలికి ఎక్కుతూ పోవడం రెండో పద్ధతి. పోసేది కూడా ఎక్కువగా ఆ బురదలో తేరిన ఇసుకే. ఖర్చు చాలా తక్కువ.

ఏ మట్టిపని మేస్త్రీనైనా పిలిచి, చెరువు పూడిక మీద కట్ట పోస్తావా అని అడగండి. పిచ్చా నీకు అంటాడు. బ్రుమాడిన్యోలో మాత్రం ఆ పనే 1976 నుంచి 2013 దాకా 37 ఏళ్లు చేశారు. మొదలుపెట్టింది వేరే కంపెనీ. 2001లో దాన్ని వాలే కొనుక్కుని ఇంకా పైకి పెంచింది. 2016 జూలైలో బురద వదలడం ఆపేశారు. ఆపిన రెండున్నరేళ్లకు కూలింది! ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

ఈ పద్ధతి ప్రమాదమని అప్పటికి తెలియదా? తెలుసు. అదే ఖండంలోని చిలీ దేశంలో 1965 మార్చి 28న భూకంపం వచ్చినప్పుడు ఎల్ కోబ్రే రాగి గని బురద కట్ట కూలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. 1970లో చిలీ ప్రభుత్వం ఈ పద్ధతిని నిషేధించింది. బ్రుమాడిన్యో కట్టకు తొలి మట్టి పడింది ఆ తర్వాత ఆరేళ్లకు. చిలీలో భూకంపాలు వస్తాయి, మాకు రావు కదా అని బ్రెజిల్ కంపెనీల ధీమా. కాని నీళ్లకు భూకంపంతో పని లేదు.

గట్టి నేల జావ ఎలా అయింది?

ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి చూడండి. గట్టిగానే ఉంటుంది. అక్కడే కాళ్లతో తొక్కుతూ ఉంటే, కాసేపటికి నీరు పైకి ఉబికి, ఇసుక జావై, మడమలు దిగబడతాయి. మడి దమ్ము చేసేవారికి ఇది రోజూ కనిపించే సంగతే. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నంతసేపే బరువు మోస్తాయి. వదులుగా పేరుకున్న రేణువులు ఉన్నట్టుండి కదిలితే దగ్గరికి సర్దుకోవాలని చూస్తాయి. మధ్యలో ఉన్న నీరు తప్పుకోవడానికి దారి ఉండదు. అప్పుడు బరువంతా నీటి మీద పడుతుంది. నీరు బరువు మొయ్యదు, పారుతుంది. బ్రుమాడిన్యోలో జరిగింది ఇదేనని దాదాపు అందరు నిపుణులూ ఒప్పుకున్నారు.

వాలే తరఫు న్యాయవాదులు నియమించిన నలుగురు నిపుణుల బృందం 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. కంపెనీ డబ్బుతో జరిగిన విచారణ కదా అని మేము అనుమానంతోనే చూశాం. కాని కట్ట తీరు గురించి అందులో ఉన్న మాటలు కంపెనీకి అనుకూలమైనవేమీ కావు. కట్ట వాలు మరీ నిటారుగా ఉంది. మధ్యలో ఒక దశలో కట్టను లోపలికి జరిపారు, దాంతో పై భాగమంతా మెత్తటి బురద మీదికి ఎక్కి కూర్చుంది. చెరువులో నీటిని కట్టకు దూరంగా ఉంచాలి. ఉంచలేదు, కొన్నిసార్లు నీరు కట్ట అంచుకు దగ్గరగా వచ్చి నిలిచింది. అన్నిటికంటే ముఖ్యం, లోపలి ఊట బయటికి పోవడానికి కట్ట లోపల సరైన దారి పెట్టలేదు. కట్ట పాదం నానిపోయి ఉంది. పాదం నానిన కట్ట కింద మనం పడుకుంటామా?

దీనికి తోడు ఆ ఖనిజం గుణం ఒకటి. ఇనుము ఎక్కువ కనుక బురద బరువు ఎక్కువ. ఆ ఇనుము తుప్పు రేణువులను జిగురులా అతికించింది. దానివల్ల కట్ట గట్టిగా కనిపించింది. పచ్చి మట్టి ముద్ద నొక్కితే వంగుతుంది, వంగి మనకు ముందే చెబుతుంది. కాలిన కుండ వంగదు, ఒక్కసారే పగులుతుంది. ఆ కట్ట కాలిన కుండ. వారం రోజుల ముందు పైనుంచి డ్రోనుతో తీసిన చిత్రాల్లో కూడా ఏ బీటా కనపడలేదు. అందుకే మాకు ముందుగా తెలియలేదని యాజమాన్యం అంటుంది. కుండ అని తెలిసినవాడు బీట కోసం ఎదురు చూడడు కదా!

చివరగా కదిలించింది ఏది?

ఇక్కడే తగాదా. ఆ సమయానికి భూకంపం లేదు, పేలుడు కూడా నమోదు కాలేదు. మరి ఆ శుక్రవారమే ఎందుకు కూలింది?

కంపెనీ నియమించిన బృందం రెండు కారణాలు కలిపి చెప్పింది. కట్ట తన బరువుకు తానే ఏళ్ల తరబడి కంటికి కనపడకుండా సాగుతూ వచ్చిందన్నది మొదటిది. పాత ఇంటి దూలం కుంగడం లాంటిదన్నమాట. వానాకాలపు పెద్ద వర్షాలు రెండోది. పిల్లలు తడి ఇసుకతో పిచ్చుక గూళ్లు కడతారు. చెమ్మ ఉన్నంతవరకు నిలబడతాయి, మీద నీళ్లు పోస్తే కూలతాయి. కట్ట పై భాగంలో అట్లా చెమ్మతో నిలబడ్డ మట్టి వానకు నాని కొంత బలం పోగొట్టుకుంది. అప్పటికే అంచు మీద ఉన్న కట్టకు ఆ కొంచెం చాలింది.

బార్సిలోనాలోని ఒక పరిశోధన కేంద్రం 2021లో ఇంకో మాట చెప్పింది. కూలిన రోజున కట్ట మీద పరీక్ష కోసం బోరు వేస్తున్నారు. లోతుకు వెళ్లిన ఆ బోరులోని నీటి ఒత్తిడి అడుగు పొరను ఒకచోట జావ చేసి ఉండవచ్చు, అక్కడ మొదలైంది కట్టంతా పాకింది అని. 2018 జూన్‌లో ఊట తగ్గించడానికి అడ్డంగా గొట్టాలు దింపుతుంటే ఒకచోట బురద తన్నుకొచ్చి పని ఆపేశారు కూడా. కట్టకు బోరు పడదన్న హెచ్చరిక అప్పుడే అందిందన్నమాట. మొదటి బృందం మాత్రం ఆ బోరు ప్రభావం చిన్నది, కట్టను కూల్చేంత కాదు అంది. 2024లో జ్యూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు కట్టి, బురద వదలడం ఆపేశాక కూడా లోపలి బలహీనపు పొర బరువు కింద నెమ్మదిగా జారుతూ, ఆ జారుడు పాకుతూ పోయి, ఏళ్ల తర్వాత కట్ట కూలగలదని చూపించారు.

కాకి వాలింది, తాటిపండు రాలింది. ఆ కాకి వానా, బోరా అన్నది వాళ్ల తగాదా. పండు ముందే పండిపోయి ఉందన్న విషయంలో ఎవరికీ భేదం లేదు. కాకి మీద చర్చ ఎంత సాగితే చెట్టు యజమానికి అంత హాయి.

అయితే కాకి సంగతి మనకు అక్కరలేదని కొట్టేయడం కూడా పొరపాటేనని మా అభిప్రాయం. కారణం పెట్టుబడిదారీ విధానమే, ఇక వివరాలెందుకు అని మీటింగుల్లో మన మిత్రులే కొందరు అంటుంటారు. వాలేను 1997లో ప్రైవేటుపరం చేశారు, అందుకే ఇట్లా అయిందని తేల్చేయడమూ సులువే. కాని 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడినప్పుడు, 144 మందిలో 116 మంది పసిపిల్లలు చనిపోయినప్పుడు, ఆ గుట్ట యజమాని జాతీయం చేసిన బొగ్గు బోర్డు. ఊట చెలమ మీద గుట్ట పోశారు. ఆ మాట ఊరివాళ్లకు తెలుసు, బోర్డు వినలేదు. మిగిలిన గుట్టలను తీయించే ఖర్చుకు బాధితుల కోసం జనం ఇచ్చిన చందాల నిధి నుంచే లక్షా యాభై వేల పౌన్లు తీసుకున్నారు. 1997 దాకా తిరిగి ఇవ్వలేదు. యజమాని ఎవరైనా నీటి న్యాయం ఒకటే. ఎట్లా కూలుతుందో తెలియకపోతే యజమానిని ఏం అడగాలో మనకు తెలియదు. జ్యూరిచ్ లెక్క చెబుతున్నది చూడండి: మూసేసిన చెరువు కదా, ఇక భయం లేదు అన్న మాట అబద్ధం కావచ్చు. కట్ట కింద ఇల్లున్నవాడికి ఇంతకంటే పనికొచ్చే వార్త ఉందా?

సంతకం పెట్టినవాడి ఇల్లు ఎక్కడ?

కట్ట భద్రంగా ఉందని జర్మనీకి చెందిన టి.యు.వి. సుద్ అనే తనిఖీ సంస్థ 2018లో ధ్రువపత్రం ఇచ్చింది, సెప్టెంబరులో మళ్లీ ఇచ్చింది. కట్ట మీది భారం 100 అనుకుంటే దాన్ని ఆపే బలం 130 ఉండాలని నిపుణుల మాట. కట్ట జావయ్యే ప్రమాదాన్ని లెక్కవేస్తే వచ్చింది 109. 105 ఉన్నా చాలునని తమకు తామే చెప్పుకుని సంతకం చేశారు. సంతకం పెట్టకపోతే వాలే తమను గోడకు నొక్కుతుందని ఆ సంస్థ ఇంజనీర్లు లోలోపల రాసుకున్న ఉత్తరాలు దర్యాప్తులో బయటపడ్డాయి. తనిఖీకి డబ్బిచ్చేది ఎవరు? తనిఖీ జరగాల్సిన కంపెనీయే. ఇంకేముంది! 2020 జనవరిలో ఆ రాష్ట్ర ప్రాసిక్యూటర్లు వాలే వాళ్లు 11 మంది, తనిఖీ సంస్థ వాళ్లు అయిదుగురు, మొత్తం 16 మంది మీద హత్యా నేరం మోపారు.

మా చిన్నతనంలో మా ఊరి చెరువుకు నీరుగంటి ఉండేవాడు. కొన్ని తావుల నీరటికాడు అంటారు. వాన పట్టిన రాత్రి కంబళి కప్పుకుని కట్ట మీదే తిరిగేవాడు. ఎండ్రకాయ బొరియ కనపడితే కాలితో మట్టి తొక్కేవాడు, పాదం దగ్గర ఊట మురికిగా వస్తుందా తేటగా వస్తుందా అని దీపం పెట్టి చూసేవాడు. తేటగా వస్తే పర్వాలేదు, మురికిగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని లెక్క, ఊరిని లేపేవాడు. అతనికి జీతం ఆయకట్టు రైతుల కళ్లాల్లో కొలిచే గింజలు. అతని గుడిసె కట్ట దిగువన, మొదటిది. పాతకాలాన్ని పొగడాలని కాదు, ఆ నీరుగంటికి కొలతలో తవ్వెడు తగ్గించే భూస్వాములను కూడా మేము చూశాం. కాని కట్ట చూసేవాడి పిల్లలు ఆ కట్ట కిందే పడుకునేవాళ్లు.

బ్రుమాడిన్యోలో కట్ట కింద పెట్టింది కార్మికుల క్యాంటీనును. తెగితే బురద ఏ దారిన పోతుందో కంపెనీ ముందుగానే లెక్క వేసుకుంది, ఆ దారిలోనే క్యాంటీను ఉంది. సైరన్లు మోగలేదు. కట్ట ఎందుకు తెగిందన్నది ఒక ప్రశ్న, అంతమంది ఎందుకు చచ్చిపోయారన్నది వేరే ప్రశ్న. రెండోదానికి వానతోనూ బోరుతోనూ పని లేదు. కట్ట దిగువన, హెచ్చరిక అందినా తప్పించుకునే టైము లేనంత దగ్గరలో క్యాంటీన్లూ ఆఫీసులూ ఉండరాదని బ్రెజిల్ గనుల సంస్థ ఉత్తర్వు ఇచ్చింది 2019 ఫిబ్రవరిలో. అప్పటికి శవాలను ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

అంతకు మూడేళ్ల ముందే, 2015 నవంబరు 5న, అదే రాష్ట్రంలో మరియానా దగ్గర ఫుండావ్ కట్ట కూలింది. వాలే, బీహెచ్‌పీ కంపెనీల ఉమ్మడి సంస్థ సమార్కోది ఆ గని. అదీ లోపలికి పెంచిన కట్టే. అక్కడా కట్టను మెత్తటి బురద మీదికి జరిపారని విచారణలో తేలింది. 19 మంది చనిపోయారు, బెంటో రోడ్రిగెస్ అనే ఊరు బురద కింద పోయింది, బురద దోసే నదిలో ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సముద్రంలో కలిసింది. లోపలికి పెంచే కట్టలను బ్రెజిల్ అంతటా నిషేధించే కేంద్ర చట్టం వచ్చింది మాత్రం 2020లో. మొదటి కట్టకు రావాల్సిన చట్టం రెండో కట్ట తర్వాత వచ్చింది.

నష్టపరిహారం సంగతి ఒక్క మాట. 2021 ఫిబ్రవరిలో 3,768 కోట్ల రియాళ్లకు (బ్రెజిల్ డబ్బు) వాలేతో ఒప్పందం కుదిరింది. కూర్చున్నది కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం, న్యాయ సంస్థలు. మునిగినవాళ్లను బల్ల దగ్గరికి పిలవలేదని డ్యాముల బాధితుల ఉద్యమం నిరసన తెలిపింది. ఇది మన పునరావాస కాలనీల వాళ్లకు వివరించి చెప్పనక్కరలేదు.

మన బూడిద చెరువులు

మన దగ్గర గని బురదకంటే ఎక్కువగా కనపడేవి థర్మల్ కేంద్రాల బూడిద చెరువులు. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కలవారికి తెలుసు. బూడిదను నీళ్లలో కలిపి గొట్టాలతో వదిలి కట్ట వెనక నిలవ చేయడమే అక్కడా పని. మధ్యప్రదేశ్ సింగ్రౌలీ ప్రాంతంలో 2019 అక్టోబరులో ఎన్టీపీసీ వారి బూడిద కట్ట తెగింది, 2020 ఏప్రిల్ 10న రిలయన్స్ వారి సాసన్ కేంద్రం బూడిద కట్ట తెగి ఆరుగురు చనిపోయారు. మొదటిది ప్రభుత్వ రంగం, రెండోది ప్రైవేటు. జార్ఖండ్‌లోని మూరీలో 2019 ఏప్రిల్ 9న అల్యూమినియం ఫ్యాక్టరీ ఎర్రబురద కట్ట కూలింది.

తుమ్మలపల్లెలో సమస్య కట్ట తెగడం కాదు, నీరు ఇంకడం. యురేనియం కార్పొరేషన్ టైలింగ్ పాండ్ వల్ల బోర్ల నీరు పాడైందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. సంస్థ ఒప్పుకోదు. చెరువు అడుగున పరచాల్సిన పొర షరతుల ప్రకారం ఉందా అని 2018లో కాలుష్య నియంత్రణ మండలి సంజాయిషీ అడిగింది. అక్కడా ప్రశ్న బ్రుమాడిన్యోదే: నీరు ఏ దారిన పోతోంది, దాన్ని కొలిచేది ఎవరు, ఆ కొలత ఎవరికి చూపిస్తున్నారు? కట్ట ఏ పద్ధతిలో పెంచారు, తెగితే బురద పోయే దారి పటం ఏది, సైరను ఎక్కడ, కూలీల షెడ్లు ఎక్కడ అని గ్రామసభలో అడగడానికి ఇంజనీరింగు డిగ్రీ అక్కరలేదు.

ఒక మే నెలలో మేము కొందరం కూలీలతో కలిసి అట్లాంటి ఒక కట్ట చూడబోయాం. ఎవరిదో, ఎక్కడో ఇప్పుడు చెప్పడం లేదు. సూపర్‌వైజరు మర్యాదగానే తిప్పి చూపించాడు. సైరను ఏదయ్యా అంటే జేబులోంచి ఫోను తీశాడు. తిరిగొస్తుంటే మాతో వచ్చిన ఒక కలుపు కూలీ ఆగిపోయింది. చుట్టూ గడ్డిపోచ లేకుండా ఎండిపోయి ఉంటే, కట్ట వెలుపలి వాలులో, పాదానికి నిలువెత్తు పైన, ఒక పట్టీ మేర జమ్ము పచ్చగా నిలబడి ఉంది.

“అన్నా, నీళ్లు లేందే జమ్ము మొలుస్తదా?” అంది.

తావు గుర్తుపెట్టుకుని, అడుగులతో కొలిచి, అర్జీ రాసి ఇచ్చాం. చూస్తామన్నారు. రెండు వారాల తర్వాత పోయి చూస్తే జమ్మును శుభ్రంగా కోయించారు. కోసిన మొదళ్ల దగ్గర నేల చెమ్మగానే ఉంది.